టోపీ తీయని డేగ

కువైట్ ఎడారిలో ఆ ఉదయం పొగమంచుకి గుడారాలు నేలను వదిలి తేలుతున్నట్టున్నాయి. టీ కోసం కారు ఆపిన చోట జగిత్యాల రాజన్న కలిశాడు. అతనికి వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అంటే కఫీల్, పెంచుకునే వేటడేగను చూసుకోవడం అతని పని. కళ్లు కప్పే తోలు టోపీతో అది అతని చేతి తొడుగు మీద కునుకుతోంది.

"దీనికి పాస్‌పోర్టున్నది సార్. వచ్చే వారం కఫీల్ దీన్ని వేరే దేశం కొంచవోతడు. ఆడ వేటకు పర్మిట్ దొరికింది. ఈడ వేట బంద్."

నా పాస్‌పోర్టుకు పడ్డ తిప్పలు గుర్తొచ్చి ఆ పిట్ట మీద కుళ్లుకున్నాను.

"మరి నువ్వు?"

"నాకు సుట్టీ ఇస్తలేడు సార్. బిడ్డ మొకం చూడక శానా ఏండ్లాయె."

అంతలో పొగమంచులోంచి ఇసుకరంగు పక్షి ఒకటి, కోడి కన్నా పెద్దది, కలలో లాగా నడిచొచ్చింది.

"హుబారా," రాజన్న గొంతు తగ్గించాడు. "వేటంత దీని కోసమే."

అలికిడికి డేగ మెడ నిక్కించింది. గోళ్లు తొడుగులో దిగాయి.

"ఇప్పుడు టోపీ తీస్తే?" అన్నాను, నేనూ గుసగుసగానే.

"పట్టేస్తది. గస్తీవాళ్లు చూస్తే డేగను గుంజుకుంటరు." అతని వేళ్లు టోపీ ముడి మీదికి వెళ్లాయి. "నన్ను ఊరికి పంపుతరు."

ఆ పక్షి నింపాదిగా నడుస్తూ మళ్లీ తెల్లదనంలో కలిసిపోయింది. అందాకా రాజన్న వేళ్లు టోపీ ముడి మీదే ఉన్నాయి.