కొత్తగా చేరినవాడు

ఉప్పల్‌లో మా పార్టీకి ఆఫీసు లేని రోజుల నుంచి నేను కార్యకర్తని. ప్రతి ఎన్నికలకూ చిల్కానగర్ గల్లీల్లో తిరిగి, ఎదుటి పార్టీ నాయకుడు చెరువు భూములు మింగాడని గొంతు పోయేలా చెప్పాను. ఈసారి ఆయనే మా పార్టీలోకి వచ్చాడు. టికెట్ కూడా ఆయనకే ఇచ్చారు. చెరువు గురించి ఎవరూ మాట్లాడొద్దని మా గ్రూపులో మెసేజ్ వచ్చింది.

నాచారంలో ఒక ఫంక్షన్ హాల్లో చేరికల సభ పెట్టారు. వెళ్లకూడదనే అనుకున్నాను. కానీ కుర్చీలు వేయించేది ఎప్పుడూ నేనే కాబట్టి వెళ్లాను. ఆయన అనుచరులు వేదిక ముందు తోసుకుంటుంటే, వరుసలో నిలబెట్టడానికి మధ్యలోకి దూరాను. ఆ వరుస నన్ను కూడా వేదిక మీదికి నెట్టుకుపోయింది. ఆయన నా మెడలోని వెలిసిపోయిన కండువా మీదే కొత్త కండువా కప్పి, భుజం తట్టాడు.

"మంచి నిర్ణయం తీసుకున్నవ్ అన్నా. పార్టీల నీకు మస్తు భవిష్యత్తు ఉంటది."

నేను నమస్కారం పెట్టాను. ఎదురుగా ఫొటో తీస్తున్నారు, మరేం చేస్తాను.

ఇంటికి వచ్చేసరికి ఆ ఫొటో "పార్టీలోకి భారీగా చేరికలు" అన్న మాటతో కాలనీ గ్రూపులో తిరుగుతోంది. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ ఫోన్ నా ముందు పెట్టింది.

"పార్టీ మారినవని జర సంబరపడ్డ. కండువా సూస్తే మళ్ల గదే పార్టీ."

అదే పార్టీ అని ఆమె ఇంకా అనుకుంటోంది.