శనివారం సీసా

పళ్ళాయన ఇరవై ఎనిమిదేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాడు. పళ్ళ డాక్టరు గదికి వెనక, ఒక్క కిటికీ ఉన్న చిన్న గది ఆయనది. డాక్టరు పంపిన అచ్చుల్లో తెల్లపిండి కలిపి పోస్తాడు, మైనంతో చిగుళ్ళు కడతాడు, ఒక్కో పన్నునూ నిలబెట్టి ఒక కన్ను మూసి చూసుకుంటాడు. వెంట్రుక వాసి ఎత్తు ఎక్కువైనా మళ్ళీ మొదటికి వస్తాడు. "పన్ను ఎత్తుగా ఉందని తెలిసీ పంపించేశామనుకోండి, ఆ మనిషి రోజుకి మూడు పూటలా మనల్ని తిట్టుకుంటూ తింటాడు" అని డాక్టరుకే పాఠం చెప్పేవాడు. పనిలో అంత నిక్కచ్చి మనిషి.

కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కా దొంగ. ఈ మాట ఆయన మొహం మీద అన్నవాళ్ళు లేరు కాబట్టి నేను అంటున్నాను.

కారు మామగారిది. వెనక పెద్ద డిక్కీ ఉన్న బూడిదరంగు సెడాన్. ఆయన పోయేనాటికే దానికి పదిహేనేళ్ళు నిండాయి. ఇద్దరు కూతుళ్ళకీ కలిపి ఆయన మిగిల్చింది ఆ ఒక్క బండే. పెద్దకూతురు మొగుడు పళ్ళాయన. చిన్నకూతురు మొగుడు కిటికీలకి అద్దాలు కోసి బిగిస్తాడు, అందుకని అద్దాలాయన. రెండు కాపురాలూ ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాయి, కింద వాటా వీళ్ళది, పై వాటా వాళ్ళది. బండి అమ్మేద్దామంటే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. దాంతో తోడల్లుళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని, వారం నీది, వారం నాది అని పంచుకున్నారు. శనివారం సాయంత్రం మెట్ల పక్క మేకుకి తాళంచెవి తగిలించాలి. ఆదివారం పొద్దున్నుంచీ బండి రెండోవాళ్ళది.

"మరి రిపేరొస్తే?" అన్నాడు అద్దాలాయన.

"ఎవరి వారంలో చెడితే వాళ్ళే షెడ్డుకి తీసుకెళ్ళాలి. పేచీ ఉండదు" అన్నాడు పళ్ళాయన.

"అంతేలే అన్నయ్యా" అన్నాడు అద్దాలాయన.

తిరకాసంతా అక్కడే పడింది. పాత బండిని షెడ్డులో పెట్టడమంటే మూడు రోజులు, నాలుగు రోజులు. అంటే ఎవరి వారం వాళ్ళకి గోవిందా. కాబట్టి ఏ జబ్బొచ్చినా దాన్ని శనివారం దాకా ఎలాగోలా ఈడ్చి, మేకుకి తాళంచెవి తగిలించి చేతులు దులుపుకోవడం ఇద్దరికీ అలవాటైంది. జబ్బులు పై వాటాకీ కింది వాటాకీ మధ్య మెట్లెక్కుతూ దిగుతూ ఉండేవి.

బ్యాటరీ నీరసించిందని మొదట కనిపెట్టింది పళ్ళాయనే. కిమ్మనకుండా శనివారం బండిని వీధి చివర వాలులో నిలబెట్టాడు. బ్రేకు వదిలితే దానంతటదే దొర్లి స్టార్టవుతుంది. తరవాతి శనివారం చూస్తే, అద్దాలాయన కూడా సరిగ్గా అదే వాలులో, అదే గుమ్మం ముందు నిలబెట్టి ఉన్నాడు. ఇద్దరూ ఎదురుపడ్డారు, "బండి బానే ఉంది కదా?" అంటే "బ్రహ్మాండంగా ఉంది" అనుకున్నారు. సైలెన్సరు కిందికి వేలాడితే ఇనపతీగ కట్టి ఇచ్చాడు ఒకడు. ఆ తీగ తెగితే ఇంకా సన్న తీగ కట్టి తిరిగిచ్చాడు రెండోవాడు. ముందు ప్యానెల్లో హెచ్చరిక లైట్లు ఒక్కటొక్కటే ఆరిపోయాయి. ఎవరి వారంలో ఆరిపోయాయో ఇద్దరికీ తెలియదు. తెలుసుకునే సరదా కూడా లేదు. షెడ్డు మేస్త్రీ మాత్రం, "ఈ వయసు బండిని నెలకోసారైనా చూపించండి సార్. మీరిద్దరూ ఉన్నారు, ఒక్కరూ రారేం?" అని మొత్తుకునేవాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. బ్రేకుల సంగతి అలాంటిది కాదు.

వానలు మొదలైన రోజుల్లో పళ్ళాయన కాలికి బ్రేకు పెడల్ మెత్తగా తగిలింది. బానెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిలు డబ్బాలో సగానికి దిగిపోయి ఉంది. వెనక చక్రం లోపలి పక్కన తడి. ఎక్కడో కారుతోందని ఆయనకి ఆ నిమిషానే తెలిసింది. మర్నాడు షెడ్డుకెళ్ళి చూపిస్తే పోయేది. కానీ ఆ వారం భార్యని కంటి డాక్టరుకి చూపించాలి, తరవాత ఇంకో పని ఉంది, ఆ తరవాత శనివారం వచ్చేసింది. ఒక సీసా కొని, డబ్బా నింపి, సీసాని గుడ్డపీలికలో చుట్టి డిక్కీలో స్టెప్నీ కింద దాచాడు. తాళంచెవి మేకుకి తగిలించాడు. అప్పట్నించి తన వంతు శనివారమల్లా అదే పని. అయిదు నెలలు గుట్టుచప్పుడు కాకుండా పోశాడు. మధ్యలో బండి తిరిగొచ్చినప్పుడు డబ్బా అడుగంటి ఉండాల్సింది. ఉండేది కాదు. ఎందుకుండటం లేదో ఆయన ఆలోచించలేదు. ఆలోచిస్తే షెడ్డుకి వెళ్ళాల్సి వచ్చేది.

అద్దాలాయన అద్దాలు కూడా ఆ బండిలోనే మోసేవాడు. వెనక సీటు మీద కంబళి పరిచి, పలకల్ని నిలువుగా ఆనించి, పక్కన తన భార్యని, అంటే పళ్ళాయన మరదల్ని, కూర్చోబెట్టేవాడు. రెండు చేతులతో వాటిని పట్టుకోవడం ఆమె పని. పలకలు కుదుపుకి కదిలితే పగులుతాయి కాబట్టి, ఆమె రోడ్డు వంక కాదు, అద్దం వంకే చూస్తూ కూర్చునేది.

ఒక శుక్రవారం పళ్ళాయన భార్య వెనక సీట్లో చెయ్యి ఆనిస్తే గాజుముక్క దిగింది. పెద్ద గాయం కాదు. పళ్ళాయనకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. "వాడి అద్దాలకి మన బండి లారీ అయిపోయింది" అని రుసరుసలాడాడు. మర్నాడు శనివారం. డిక్కీ తెరిచి సీసా తీస్తే ఖాళీ. కొట్టు నాలుగడుగుల్లో ఉంది, తెరిచే ఉంది. సీసా చేతిలో పట్టుకుని ఆయన కాసేపు నిలబడ్డాడు. అయిదు నెలలుగా నేనే పోస్తున్నాను, ఈసారి వాడి కాలికే మెత్తగా తగలనీ, వాడే షెడ్డుకి తోలుకెళ్తాడు, వాడి వారమే పోతుంది అనుకున్నాడు. ఖాళీ సీసాని మళ్ళీ స్టెప్నీ కింద పెట్టాడు. తాళంచెవి మేకుకి తగిలించాడు.

బుధవారం పొద్దున పదకొండు గంటలకి, దిగుడు రోడ్డులో, ఆరు అద్దం పలకలతో వస్తున్న బండికి బ్రేకు పడలేదు. పడీపడనట్టు పడింది. పెడల్ కిందికంటా పోయింది. అద్దాలాయన హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు తిప్పి, ఆగి ఉన్న లారీ వెనక భాగానికి బండిని ఆనించగలిగాడు. ఆయనకి ఏమీ కాలేదు. పలకలు పట్టుకున్న మరదలు వాటిని వదిలిపెట్టకపోవడం వల్ల తన మొహాన్ని కాపాడుకోలేకపోయింది. ముందు సీటు అంచు నోటికి తగిలి పైవరసలో మూడు పళ్ళు పోయాయి. ఎడమ మణికట్టు మీద పన్నెండు కుట్లు.

బండిని షెడ్డుకి లాక్కెళ్ళారు. ఎవరి వారమని ఎవరూ అడగలేదు. మేస్త్రీ వెనక చక్రం ఊడదీసి, నల్లగా తడిసిన లోపలి భాగాలు చూపించాడు.

"ఇది నిన్నా మొన్నా కారింది కాదు, నెలలు. పెడల్ మెత్తబడి ఉండాలే. మీ ఇద్దరిలో ఎవరికీ తెలియలేదా?"

"లేదే" అన్నాడు పళ్ళాయన.

"లేదే" అన్నాడు అద్దాలాయన. ఇద్దరి మాటా ఒకేసారి వచ్చింది. మేస్త్రీ ఇద్దరి మొహాలూ చూసి చేతులు తుడుచుకున్నాడు.

మర్నాడు పళ్ళాయన ఒక్కడే షెడ్డుకి వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళ గొడుగు బండిలో ఉండిపోయిందని చెప్పి, స్టెప్నీ కింద నుంచి తన సీసా తీసి చొక్కాలో దోపుకున్నాడు. ఇంకేమైనా ఉందేమోనని డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టాడు. కాగితంలో చుట్టిన గట్టి వస్తువు ఒకటి తగిలింది. అద్దాల మధ్య పెట్టే గరుకు కాగితం అది. విప్పితే లోపల బ్రేకు ఆయిలు సీసా. అదే రకం, అదే మూత. సగానికి పైగా నిండి ఉంది.

పళ్ళాయనకి అప్పుడు అర్థమైంది. తన వంతు శనివారం తను పోస్తే, వాడి వంతు శనివారం వాడు పోశాడన్న మాట. బుధవారం నాడు కూడా ఆ సీసా వాడి కాళ్ళ కిందే ఉంది. పెడల్ మెత్తగా తగిలి ఉంటుంది, రెండేసి సార్లు తొక్కి ఉంటాడు, శనివారం ఇంకా రాలేదు కదా అని ఊరుకుని ఉంటాడు. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటుంది. ఆ సీసా చూడగానే పళ్ళాయనకి ముందుగా కలిగింది కోపం కాదు, ప్రాణం లేచొచ్చినట్టయింది. తన సీసాని దారిలో మురిక్కాలవలో పడేశాడు. రెండోదాన్ని తెచ్చి పనిగదిలో సొరుగులో పెట్టుకున్నాడు.

వాపు తగ్గి, చిగుళ్ళు మానాక డాక్టరు మరదలి నోటికి అచ్చు తీశాడు. ఆ అచ్చు పళ్ళాయన బల్ల మీదికి వచ్చింది. ఆ మూడు పళ్ళకీ ఆయన పడ్డ శ్రమ ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరికీ పడలేదు. రంగు కోసం ఆమె పాత ఫోటో ముందు పెట్టుకుని నాలుగు సార్లు మార్చాడు. మధ్య పన్ను కొంచెం వంకరగా ఉండేదని గుర్తుపెట్టుకుని ఆ వంకర కూడా పెట్టాడు. ఆ పళ్ళు కుదిరితే తన లెక్క సరిపోతుందని లోపల ఎక్కడో ఆశ పడ్డాడు.

బిగించి చూసుకోవడానికి ఆమె ఒక మధ్యాహ్నం వచ్చింది. మణికట్టుకి ఇంకా కట్టు ఉంది. డాక్టరు ముందుగదిలో వేరేవాళ్ళని చూస్తూ, మీ బావగారే సరిచేస్తారని లోపలికి పంపించాడు. పళ్ళాయన పళ్ళు తొడిగి, కింది పళ్ళకీ పై పళ్ళకీ మధ్య నీలం కాగితం పెట్టాడు.

"కొరుకమ్మా."

ఆమె కొరికింది. ఎత్తుగా ఉన్నచోట నీలం చుక్క పడుతుంది, అక్కడ సన్నగా అరగదియ్యాలి. ఒక్క చుక్క పడింది. ఆయన పళ్ళు తీసి, అరగదీసి, మళ్ళీ పెట్టేలోపు ఆమె అంది:

"బావగారూ, ఒక మాట. శనివారం సాయంత్రాలు బానెట్ ఎత్తి ఏం పోసేవారు?"

ఆయన చేతిలో పళ్ళు చేతిలోనే ఉండిపోయాయి.

"పై మెట్ల మీంచి చూసేదాన్ని. ఒక శనివారం మీరు, ఒక శనివారం ఆయన. ఏదో మంచి నూనె పోస్తున్నారనుకున్నా. నాన్న బండిని ఇద్దరూ ఎంత బాగా చూసుకుంటున్నారో అని అక్కతో కూడా చెప్పాను. ఆ శనివారం మాత్రం మీరు సీసా తీసి, కాసేపు నిలబడి, మళ్ళీ లోపల పెట్టేశారు. ఆయన్ని అడిగితే తనకేమీ తెలియదంటున్నారు. మీరైనా చెప్పండి."

చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. బ్రేకు ఆయిలమ్మా, అయిదు నెలల నుంచి కారుతోంది, నాకు తెలుసు, ఆ రోజు కావాలనే పొయ్యలేదు. ఇంతే, నాలుగు ముక్కలు. పళ్ళాయన నోరు తెరిచాడు. ఆ నాలుగు ముక్కలూ నాలుక దాకా వచ్చాయి. కానీ ఇన్నేళ్ళ అలవాటు చేతిలో ఉంది. ఆ చెయ్యి సొరుగు లాగి, గరుకు కాగితంలో చుట్టిన సీసా తీసి ఆమె ముందు పెట్టింది.

"బ్రేకు ఆయిలు. కారుతోందని మీ ఆయనకి తెలుసు. సీటు కింద దొరికింది. సగం ఉంది, చూడు" అన్నాడు.

ఆమె కాగితం విప్పింది. ఆ కాగితం ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. సీసాని ఎత్తి కిటికీ వెలుగులో పెట్టి, ఎంత ఉందో చూసింది. చాలాసేపు చూసింది. పళ్ళు లేని సందుని పెదవితో మూసుకుని, కళ్ళు తుడుచుకుని, అప్పుడు తలెత్తింది.

"ఇది ఆయనది. మరి మీ సీసా ఏది, బావగారూ?"

పళ్ళాయన సొరుగు మూశాడు. ఆమె ఆయన చేతిలోంచి పళ్ళు తనే తీసుకుని, తనే తొడుక్కుని, నీలం కాగితం పెట్టుకుని కొరికింది. కాగితం తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ఎక్కడా చుక్క పడలేదు, పళ్ళు సరిగ్గా కుదిరాయి.

సీసాని సంచిలో వేసుకుని ఆమె వెళ్ళిపోయింది. ఇంకోసారి ఆ గదికి రావాల్సిన పని ఆమెకి పడలేదు.