పడవ ఆగితే తిరిగే బాణం

మా వీధిలో ఓ మాట పుట్టింది. నూకయ్య కూతురు అరుణశ్రీకి గాలి సోకిందట. తెల్లారకుండానే సముద్రం ఒడ్డున నాలుగు ఫోన్లు పట్టుకుని గుండ్రంగా తిరుగుతోందట. అందుకే విశాఖపట్నంలో ఉద్యోగం తీసేసి ఇంటికి పంపారట. తిరగడం మట్టుకు నిజం. మిగతాదంతా కుళాయి దగ్గర కల్పించిందే. నేను చదివింది అయిదో తరగతి గానీ, కళ్ళతో చూడనిదే దేన్నీ నమ్మను. వెళ్ళి చూశాను కాబట్టే రాస్తున్నాను.

కళింగపట్నం పక్కన మాది చేపలవేట ఊరు. అరుణశ్రీ చిన్నప్పుడు వాళ్ళమ్మ ఎండుచేపలు ఏరుతుంటే పక్కన చేరి, బాగున్నాయని పక్కన పెట్టిన బుట్టలోంచే పాడైన చేప తీసి చూపించేది. "నీకెందుకే? కొనేవోడు సూసుకుంటాడు!" అని తల్లి మొట్టేది. ఇప్పుడు చేసే ఉద్యోగమూ అలాంటిదే. కంపెనీవాళ్ళు తయారుచేసిన యాప్ రకరకాల ఫోన్లలో సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలి. ఈ పిల్ల సరే అంటేనే అది బయటికి వెళ్తుంది. ఈసారిది వేటగాళ్ళ యాప్. సముద్రంలో ఉన్నవాడికి ఊరు ఎటుందో బాణం గుర్తు వేసి చూపిస్తుంది. దాన్ని పరీక్షించడానికే పిల్ల ఊరొచ్చింది.

ఆ రోజు పుష్యమాసపు మంచు. సముద్రం కనిపించదు, చప్పుడే. లైటుహౌసు కూడా ఎటో వెళ్ళిపోయింది. ఆ తెల్లదనంలో చిన్న వెలుగొకటి తేలుతూ వచ్చి, దగ్గరయ్యాక పిల్లయింది.

"ఏటే గుంటా, ఎవుల్ని ఎతుకుతన్నావు?"

"ఊరిని ఎతుకుతన్నాను పెద్దమ్మా," అని నవ్వి, నా చేతిలో ఓ ఫోన్ పెట్టింది. "నడు."

నడిచాను. బాణం మా ఇళ్ళవైపే ఉంది.

"ఇప్పుడాగి, అక్కడే ఎనక్కి తిరుగు."

తిరిగాను. బాణమూ నాతోపాటే తిరిగింది. ఊరు సముద్రంలో ఉందంటోంది. ఒక్క క్షణం నాకూ అలాగే తోచింది. అలల కింద మా వీధి, వాకిట్లో ముగ్గు, నా కోళ్ళు, నీళ్ళలోంచి ఎవరో మెల్లగా నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టు. రెండడుగులు వేసేదాన్నే.

"ఓలమ్మ! ఊరు నీళ్ళలోకి ఎలిపోనాదేటే?"

"అదే పెద్దమ్మా. ఐఫోన్లో దిక్సూచి ఉంటాది. మనోళ్ళ సవక ఆండ్రాయిడ్ ఫోన్లలో సానావాటికి నేదు. పడవ కదిలితే సరిగ్గానే సూపిస్తాది. ఆగితే ఇదిగో, ఇలాగ."

వల వేశాక మావాళ్ళు ఇంజన్ ఆపేసి కూర్చుంటారు. అలకి పడవ తిరిగితే బాణమూ దాంతోపాటే తిరుగుతుంది. ఎప్పుడూ కొండనీ లైటుహౌసునీ చూసుకుని దారి పట్టేవాళ్ళు, మంచు పడితేనే ఫోన్ తీస్తారు. ఇది మేనేజర్ ప్రమోద్‌కి ఎలా తెలుస్తుంది? ఆయన ఐఫోన్ పట్టుకుని, బీచ్ రోడ్డు మీద కారులో పోతూ చూశాడట.

అంతలో ఆయనే ఫోన్ చేశాడు. "స్పీకరు పెట్టవే," అన్నాను.

"అరుణశ్రీ, ఐఫోన్ స్టోర్‌వాళ్ళు వారం పరీక్షించి ఒప్పుకున్నారు. ఆండ్రాయిడ్ స్టోర్‌లోకైతే గంటల్లో వెళ్ళిపోతుంది. ఇంకా ఏం చూస్తున్నావ్?"

"మా ఊళ్ళో ఐఫోన్ ఒక్కటీ లేదు సార్. దిక్సూచి లేని ఫోన్లో, పడవ ఆగినప్పుడు బాణం కనిపించకుండా చెయ్యండి."

"బాణం లేకపోతే ఎవరు పెట్టుకుంటారు? అవతలి కంపెనీది సోమవారం వచ్చేస్తోంది. ఈలోగా సరే అని రాయి. లేకపోతే ఇంకొకరితో రాయిస్తాను, నువ్విక ఇంటి దగ్గరే ఉండొచ్చు."

పిల్ల ఫోన్ పెట్టేసింది. వెనకనించి నూకయ్య వల భుజాన వేసుకుని వచ్చాడు. "సూసినావా అప్పా, నా కూతురి యాపు! అది సూపిస్తే నాను కళ్ళు మూసుకుని ఎలిపోతాను," అన్నాడు నాతో. మా వైపు అక్కని అప్పా అంటారు. అరుణశ్రీ మొహం మంచుకన్నా తెల్లబోయింది.

తరవాత రెండు రోజులు పిల్ల ఒడ్డుకి రాలేదు. నాకు అన్నం సయించలేదు. సోమవారం పొద్దెక్కాక మజ్జిగ తోడు కావాలని చెంబు పట్టుకు వెళ్ళాను. జుట్టు రేగి, కళ్ళు నలుపుకుంటూ గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఒసే, నాకు తోడూ ఒద్దు, గీడూ ఒద్దు. ఏటి రాసినావో సెప్పు."

"ఒప్పుకోనని రాసీసినాను పెద్దమ్మా, నిన్న సాయంత్రమే. ఆ బాణం నమ్మొద్దని నాన్నకీ సెప్పీసినాను. ఉద్యోగం సంగతి ఆళ్ళిష్టం. రాసినాక ఎంత నిద్దర పట్టిందనుకున్నావు! ఇప్పుడే లెగిసినాను."