దానియేలు అన్నకి నేను వేసిన కొసరు

నాకు పదిహేనేళ్ళప్పుడు... బందరులో మా వ్యాయామశాల ఒక రేకుల షెడ్డు. తెల్లారేసరికి పాతిక మందిమి చేరేవాళ్ళం. రెండు గదలు, తుప్పు పట్టిన డంబెల్స్, ఒక ఇనప బారు, కింద గోనెపట్టాలు... అంతే సరంజామా.

కానీ గోడకి ఒక నల్లబోర్డు ఉండేది. సగంమందిమి దాని కోసమే వచ్చేవాళ్ళం. ఆ రోజు ఎవరెన్ని దండీలు తీశారు, బారుకి వేలాడి ఎన్నిసార్లు పైకి లేచారు... అన్నీ పేర్లకెదురుగా సుద్దముక్కతో రాసేవాళ్ళం. మాకు కసరత్తు నేర్పే మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే. ఎవరి లెక్క వాళ్ళు రాసుకోకూడదు. జతగాడే లెక్కపెట్టాలి, జతగాడే రాయాలి. అలా అయితే దొంగలెక్కలు ఉండవని ఆయన నమ్మకం, పాపం.

ఎవరి గడి ఖాళీగా ఉన్నా సాయంత్రానికి నలుగురం సైకిళ్ళేసుకుని వాళ్ళింటికి వెళ్ళిపోయేవాళ్ళం. జ్వరమైతే కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళం. బద్ధకమైతే ఏడిపించుకు తినేవాళ్ళం. అలాంటి సావాసం మళ్ళీ నాకు దొరకలేదు.

నా జతగాడు దానియేలు అన్న. గిలకలదిండి నుంచి వచ్చేవాడు. వాళ్ళ నాన్న బోటు మీద చేపల వేటకి వెళ్ళేవాడు. అన్నకి మాత్రం మిలిటరీ తప్ప ఇంకో ధ్యాస లేదు. ఆ ఏడాది తప్పితే వయసు దాటిపోతుంది. ఆర్నెల్లలో జరిగే సెలెక్షన్లలో బారు మీద పదిసార్లు లేవాలి, ప్రతిసారీ గడ్డం బారు దాటాలి.

మొదటివారం మూడు లేచాడు. నాలుగోది సగంలో ఆగిపోయింది. ఆ మొహం చూసి నాకు ప్రాణం ఒప్పలేదు... "నాలుగు" అని గట్టిగా అరిచి, బోర్డు మీద అదే రాశాను. కూరగాయలావిడ కొసరు వేస్తుందే, అలాగన్నమాట. రెండ్రోజుల్లో నిజంగానే నాలుగు లేచాడు. ఇంకేం, ఘనకార్యం చేశాననుకున్నాను. ఐదు లేస్తే ఆరు, ఆరు లేస్తే ఎనిమిది... ఊపిరాడక వేలాడేవాడికి గడ్డం ఎక్కడిదాకా వచ్చిందో ఏం తెలుస్తుంది? లెక్కంతా నా నోట్లోనే ఉండేది.

బోర్డు మీద అన్నకి పది పడిన రోజు షెడ్డంతా చప్పట్లు. వాళ్ళమ్మ అంతా దేవుడి దయేనని చర్చిలో అందరిముందూ సాక్ష్యం చెప్పిందట. ఆ నెలలోనే ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు పర్మనెంటు పని ఇస్తామంటే, ఇంక నాకెందుకండీ అని వద్దన్నాడు.

సెలెక్షన్లకి గుంటూరు వెళ్ళాడు. పరుగులో అందరికంటే ముందున్నాడు. బారు దగ్గర సగం లేచినవి లెక్కకి రాలేదు. ఆరు దగ్గర ఆగిపోయాడు. వెనక్కి పంపేశారు.

తిరిగొచ్చిన మర్నాడు నన్ను ఒక్కణ్ణే బారు దగ్గరికి పిలిచాడు. గడ్డం దాటనివి లెక్కపెట్టొద్దన్నాడు. లేచాడు. ఆరే. దిగి, అరచేతులు లుంగీకి తుడుచుకుంటూ చాలాసేపు బోర్డు వంక చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది...

"ముందే చెప్పాల్సింది తమ్ముడూ. అప్పటికి ఆర్నెల్లు టైముంది గదా నాకు... ఆ నాలుగూ తెచ్చుకునేవోణ్ణి" అన్నాడు.

ఆ తర్వాత అన్న షెడ్డుకి రాలేదు. మేమూ వాళ్ళింటికి వెళ్ళలేదు, ఏ మొహం పెట్టుకుని వెళ్తాం? ఐసు ఫ్యాక్టరీలో పని అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారు. అన్న బోటెక్కాడని విన్నాను.

ఒక్కొక్కరే బయటపెడితే తెలిసింది... అక్కడ అందరం అందరికీ కొసరు వేస్తూనే ఉన్నాం. నా పేరుకెదురుగా ఉన్న అంకెలూ నావి కావు. ప్రేమతోనే చేశాం, అది నిజం. కానీ ఆ తర్వాత ఒకరి అంకె ఒకరం నమ్మలేదు. రాయడం మానేశాం, రావడమూ మానేశాం.

ఇప్పుడు మా జిమ్‌కి వాట్సాప్ గ్రూపు ఉంది. మొన్న ఒక కుర్రాడు వీడియో పెట్టాడు, మిలిటరీకి వెళ్తాడట. బారు మీద పన్నెండు అని రాశాడు. చూస్తే ఐదు కూడా లెక్కకి రావు. కింద అందరూ సూపర్, కేక అంటున్నారు. "ఇవి చెల్లవు బాబూ" అని టైపు చేశాను... చెరిపేశాను. చప్పట్ల బొమ్మ పెట్టి ఫోను పక్కన పడేశాను. ఇన్నేళ్ళొచ్చినా నేను మారలేదు. ఇక మారతానన్న ఆశా లేదు.

"నీ లెక్క తప్పు" అని మొహం మీదే చెప్పిన నేస్తం మీలో ఎవరికైనా ఉన్నాడా? ఉంటే అతని గురించి కింద రాయండి... నాలాంటి వాడు జతగాడిగా దొరికిన వాళ్ళు కూడా రాయండి, చదువుతాను.