చిన్నద్దం, ఆఫీసరు సంతకం

కొత్త కార్లు చేసేవాళ్లను ఒక్క మాట అడగాలని ఉంది నాకు. ముందు తలుపు అద్దం మూలన అరచేయంత ముక్కోణపు అద్దం ఒకటి ఉండేది. చిన్న పిడి తిప్పి తోస్తే గాలిని పట్టి తెచ్చి నేరుగా మొహం మీద పోసేది. వాన కురుస్తున్నా సరే, గాలి లోపలికి వచ్చేది, నీళ్లు బయటే జారిపోయేవి. కరెంటు అక్కర్లేదు, మీటలు అక్కర్లేదు. దాన్ని ఎవరినడిగి తీసేశారు?

కొత్త కారు కొనడానికి వెళ్లినప్పుడు షోరూంలో ఇదే అడిగాను. అక్కడి అమ్మాయి నవ్వింది.

"ఏసీ ఉంది కదండీ తాతగారూ, ఇంకా ఆ అద్దం దేనికండీ?"

"ఏసీ గాలీ ఒక గాలేటమ్మా? మీ అమ్మ సెప్పనేదేటి?" అంది నా పక్కనున్న నా భార్య. ఆ పిల్ల అర్థం కాక మళ్లీ నవ్వింది.

నా భార్యది కళింగపట్నం. సముద్రానికి ఎదురుగా గుమ్మం ఉన్న ఇంట్లో పుట్టింది, చేపలు ఎండబెట్టే ఇసుకలో పెరిగింది. తలుపులు బిగించిన బండిలో ఆమెకు ఊపిరాడదు. పెళ్లయిన కొత్తలో బస్సెక్కిస్తే పక్కనున్న గార ఊరు దాటకుండానే కక్కేసింది. తర్వాతెప్పుడో నేను ఒక పాత తెల్ల కారు కొన్నాను. ఆ రోజునుంచీ ముందు ఎడం సీటూ, ఆ చిన్నద్దమూ ఆమె సొత్తు. ఎక్కగానే తలుపు వేసుకోవడం కన్నా ముందు చిన్నద్దం తీసేది.

నేను రెండో తరగతితో బడి మానేసినవాణ్ణి. అక్షరాలు బస్సు బోర్డుల మీద, అంకెలు కిలోమీటరు రాళ్ల మీద నేర్చుకున్నాను. ఒక సర్కారు ఆఫీసులో జీపు డ్రైవరుగా కుదిరాక లాగ్‌బుక్కే నా పెద్దబడి అయింది. బయలుదేరినప్పుడు మీటరు ఎంత, చేరినప్పుడు ఎంత, ఏం పని మీద వెళ్లాం, చివర ఆఫీసరు సంతకం. సంతకం పడని ట్రిప్పు ముగిసినట్టు కాదని నా మొదటి ఆఫీసరు చెవి మెలేసినంత పని చేసి నేర్పాడు. బండి షెడ్డులో పెట్టేసినా సరే, కాగితం మీద ఇంకా రోడ్డు మీదే ఉన్నట్టు లెక్క.

రిటైరయ్యాక కూడా ఆ అలవాటు నన్ను వదల్లేదు. సొంత కారుకి అట్ట వేసిన పుస్తకంలో అవే గళ్లు గీసుకున్నాను. ఒకరోజు ఆమె ఆ పుస్తకం తిరగేసి చివరి గడి మీద వేలు పెట్టింది.

"మరి ఇప్పుడు నీకు ఆఫీసరెవులు మావా?"

"ఇంకెవులుంటారే? రిటైరైపోనాను కదా."

"నాను సచ్చిపోనానేటి? ఆ పెన్నిలా తే."

అప్పటినుంచి అదే పద్ధతి. ఆమె పక్కకి వంగి మీటరు అంకె చదివేది, నేను రాసేవాణ్ణి, చేరాక ఆమె సంతకం పెట్టేది. పేరులో మొదటి అక్షరం, దాని కింద చేప తోకలాంటి గీత. ఊరికే పెట్టేది కాదు. "నీ ఐదు సూడు, మూడుకి కడుపొచ్చినట్టున్నాది. దిద్దు. అప్పుడే పెడతాను" అనేది. పని అన్న గడిలో ఏం రాయాలో కూడా ఆమే చెప్పేది. 'విజయనగరం. పెళ్లి. పప్పు బాగోలేదు.' 'పొందూరు. పంచెలు. వాన. చిన్నద్దం తీశాం.' ఇప్పటికీ ఆ పుస్తకాల్లో ఉన్నాయి.

తర్వాత ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. పాత కారుకి బ్రేకు సామాన్లు దొరకడం మానేశాయి. ఆస్పత్రికి తిరిగే మనిషిని ఆ బండిలో పెట్టుకుని దారిలో ఆగిపోతే ఏమిటి గతి అని కూతురూ అల్లుడూ పట్టుబట్టి కొత్తది కొనిపించారు. వాళ్లను అనడానికి ఏమీ లేదు. బండి మెత్తగా పోతుంది. అయితే పాత కారులో తాళం తీసేసినా మీటరు అంకె గోడ మీద కాలెండరులా అక్కడే ఉండేది. దీంట్లో ఆపడానికి తాళం తిప్పగానే మీటరు తెర నల్లబడి అంకె పోతుంది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. ఎక్కడికి చేరినా ఆమె అంకె చదివేదాకా నేను ఇంజను ఆపకూడదు.

ఆ రోజు పొద్దుటినుంచీ వాయుగుండం వాన. ఆమెకు ఆయాసం పెరిగితే శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్లాను. బయలుదేరేటప్పుడు అంకెను రెండు విడతలుగా, మధ్యలో ఊపిరి తీసుకుని చదివింది. రాసుకుని కదిలాను. గార దాటాం.

"గాలి సాలట్నేదు మావా. సిన్నద్దం తియ్యి" అంది. అంటూనే తన చేయి అలవాటుగా అద్దం మూలకి పోయింది. అక్కడ నల్ల ప్లాస్టిక్కు ముక్క తప్ప ఇంకేమీ లేదు. వేళ్లు ఆ ముక్క మీద పిడి కోసం తడుముతూనే ఉన్నాయి.

నేను మీట నొక్కి పెద్దద్దాన్ని నాలుగు వేళ్లంత దించాను. వానజల్లు సూటిగా ఆమె గుండె మీద కొట్టింది. చీర తడిసి వణికిపోయింది.

"మూసెయ్ మావా, మూసెయ్."

మూసేశాను. ఏసీ పెంచబోతే తల అడ్డంగా ఊపింది. మిగిలిన దారంతా ఆ ప్లాస్టిక్కు ముక్క దగ్గరే మొహం పెట్టుకుని కూర్చుంది.

శ్రీకాకుళంలో ఆస్పత్రి ముందు ఆపీ ఆపగానే తాళం తిప్పేశాను. దిగి చక్రాల కుర్చీ కోసం పరిగెత్తాను. తెచ్చి తలుపు తీస్తే ఆమె ఇంకా తెరవైపే చూస్తోంది.

"అంకె సూడనేదు మావా. మల్లీ తాళం తిప్పు."

"వచ్చాక సూద్దాంలేయే. ముందు దిగు."

దిగింది. తొమ్మిది రోజులు లోపలే ఉంది. మళ్లీ ఆ సీట్లో కూర్చోలేదు.

ఆ తొమ్మిది రోజులూ అల్లుడు క్యారియర్లకీ బట్టలకీ ఆ బండిలోనే ఇంటికీ ఆస్పత్రికీ తిరిగాడు. ఆనాటి అంకె ఆ తిరుగుళ్లలో కలిసిపోయింది. పుస్తకంలో బయలుదేరిన అంకె ఒక్కటే మిగిలింది. దాని పక్క గళ్లన్నీ ఖాళీ.

"దూరం నీకు తెల్దేటి నాన్నా? కలిపి రాసెయ్యి" అంటుంది కూతురు. తెలుసు. ఆ దారి నా పుస్తకాల్లో ఎన్నిసార్లు ఉందో. కూడిక నాకు కష్టం కాదు. అయితే అది నేను కూడిన అంకె అవుతుంది, ఆమె చదివిన అంకె అవదు. తాళం మళ్లీ తిప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు. ఆ రెప్పపాటు నేను ఇవ్వలేదు. నన్ను నేను తిట్టుకోలేక కార్లు చేసేవాళ్లను తిడుతున్నానేమో. అయినా వాళ్లనూ తిడతాను. అరచేయంత అద్దం అది.

మొన్న మళ్లీ ముసురు పట్టింది. పుస్తకం తీసి, పని అన్న గడిలో రాశాను. 'శ్రీకాకుళం. ఆస్పత్రి. వాన. చిన్నద్దం లేదు.' చేరిన అంకె గడి జోలికి పోలేదు. కూతురు నా భుజం మీదుగా చూస్తోంది.

"సంతకం గడి కూడా ఖాళీగా ఉన్నాది నాన్నా. అమ్మ బదులు నాను పెట్టీనా?"

"ఒగ్గేయమ్మా" అన్నాను. "వచ్చాక సూద్దామని నానే అన్నాను."