ఆంటీకి ఇస్తానన్న మౌనం

శుక్రవారం పొద్దున వార్డులో మందుల బండి తోసుకుంటూ వెళ్తుంటే ఫోన్ మోగింది. మా కింది ఫ్లాట్ ఆంటీ కూతురు. "అక్కా, అమ్మ పోయింది. జస్ట్ నౌ," అంది. ఆంటీ ఉన్నది అదే ఆస్పత్రిలో, నాకు రెండంతస్తుల కింద. లిఫ్టు కోసం ఆగలేక మెట్లమీద పరుగెత్తాను. ఏం లాభం? నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో మా అద్దె ఫ్లాట్లలో పదకొండేళ్ళు ఆవిడ కింద, నేను పైన. బాపట్ల మనిషి. పక్క పేట హారిస్ పార్క్‌లో ఒక బట్టల కొట్టుకి జాకెట్లు కుట్టిపెట్టేవారు. ఎప్పుడు చూసినా మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. "మింగేస్తారు ఆంటీ, తీయండి," అంటే, "నీలాగా నోరు తెరిస్తే కదమ్మాయ్ మింగేది," అనేవారు.

నిజమే, నాకు నోరెక్కువ. మా తెలుగు క్రైస్తవ సంఘంలో నా ప్రార్థనకి పేరు కూడా ఉంది. ఇక్కడ స్థిరపడే పీఆర్ వీసా రావాలన్నా, పురుడు సుఖంగా జరగాలన్నా, ఎవరికి ఆపరేషన్ అన్నా నన్నే పిలుస్తారు. నేను ఎత్తుకున్నానంటే పది నిమిషాలకి తక్కువ కాదు. చుట్టూ స్తోత్రాలు, ఆమెన్‌లు, ఏడుపులు. ఇంట్లో కూటం పెడితే పక్క ఫ్లాట్ వాళ్ళు గోడ కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆ కూటాల్లో వంతు తనదాకా వచ్చినప్పుడు ఆంటీ "ఆమెన్" అని ఊరుకునేవారు. ఈవిడకి ప్రార్థన రాదు కాబోలు అనుకునేదాన్ని. ఎంత పొగరు నాకు!

మా అమ్మ తెనాలిలో పోయినప్పుడు తెలిసింది. మట్టి చేసేవేళకి కూడా అందలేకపోయాను. సంఘం అంతా మా ఇంటికొచ్చి గట్టిగా ప్రార్థించి, ధైర్యం చెప్పి, టీలు తాగి వెళ్ళారు. వాళ్ళది ప్రేమే, కాదనను. ఆంటీ మాత్రం వెళ్ళలేదు. నా ఎదురుగా కుర్చీలో నిటారుగా, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. "ఊరుకోమ్మా" అనలేదు, "దేవుని చిత్తం" అనలేదు. ఎంతసేపో తెలీదు. అమ్మ పోయిన కబురు విన్నాక నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

తర్వాత అడిగితే చెప్పారు. ఆవిడ భర్త, అంకుల్, చనిపోయిన ఏడాది ఆవిడకి ప్రార్థన ఆగిపోయిందట. మోకాళ్ళ మీద ఉంటే ఒక్క మాటా వచ్చేది కాదట. ఒకరోజు స్టేషన్ దారిలో ఓ కథోలిక్ గుడి తలుపు తీసి ఉంటే లోపలికెళ్ళారు. అక్కడ ఒక ముసలి సిస్టర్, ఇంకో నలుగురు, గుండ్రంగా కూర్చుని ఉన్నారు. చప్పుడు లేదు. సిస్టర్ చేత్తో ఒక కుర్చీ చూపించింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. "ఇద్దరికీ భాష కలవలా. అందుకే కుదిరిందే!" అని నవ్వేవారు ఆంటీ. కథోలిక్కుల్లో కలిసిపోయిందంటారని సంఘంలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అప్పట్నించి గురువారం సాయంత్రం నాలుగింటికి, డ్యూటీ లేకపోతే, కిందికి దిగేదాన్ని. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, వంటింటి టైమర్ ఇరవై నిమిషాలకి తిప్పేవారు. ఒక్క మాట ఎంచుకోవాలి, "ప్రభువా" లాంటిది. మనసు ఎటైనా పోతే ఆ మాటని మెల్లగా తలుచుకుని మళ్ళీ ఊరకుండాలి. అంతే. వినడానికి ఎంత తేలికో! మొదటి రోజు నా మనసు కూరగాయల కొట్టు, డ్యూటీల రోస్టరు, మా ఆడపడుచు ఎప్పుడో అన్న మాట, అన్నీ తిరిగొచ్చింది. "నావల్ల కాదు ఆంటీ, లోపల సంతలా ఉంది," అన్నాను.

"ఉండనీ. వచ్చినదాన్ని తరమొద్దు, కుర్చీ వేసి కూర్చోబెట్టొద్దు. దాని దారిన అదే పోద్ది," అన్నారు.

ఇంకోసారి ఉండబట్టలేక అడిగేశాను. "మరి మనం చేసేదంతా ఉత్త అరుపేనా?"

"ఛ, ఎవరన్నారే? మా అమ్మ ఒళ్ళో కూర్చుని విన్నది ఆ ప్రార్థనే. నాకు మాటలు అయిపోయినయ్యి, అంతే. మాటలు లేనోళ్ళని ఆయన వెళ్ళగొట్టడు కదా."

నిరుడు ఆంటీకి జబ్బు బయటపడేసరికే లివర్‌కి పాకింది. ఒక గురువారం టైమర్ మోగాక కూడా లేవలేదు. నా వైపు తిరిగి, "అమ్మాయ్, నాకో పని చేసిపెట్టాలి," అన్నారు. "ఆఖర్లో మనవాళ్ళందరూ వస్తారు. చుట్టూ నిలబడి గట్టిగా చేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ నాకు అప్పుడు ఇట్టా ఊరికే ఉండాలనుంది. నువ్వొక్కదానివి పక్కన కూర్చో. వాళ్ళకి నువ్వు చెబితే వింటారు."

"తప్పకుండా ఆంటీ," అన్నాను. చేతిలో చెయ్యేసి చెప్పాను.

చనిపోవడానికి ముందు రోజు, డ్యూటీ దిగి ఆంటీ గదికి వెళ్ళాను. అప్పటికే పాస్టరుగారూ, సంఘంవాళ్ళు ఎనిమిదిమందీ మంచం చుట్టూ ఉన్నారు. కొందరు బ్లాక్‌టౌన్ నించి పనులు మానుకుని వచ్చారు. ఒకామె చారు కూడా కాచి తెచ్చింది, ఆంటీ చుక్క మింగలేని స్థితిలో ఉన్నా. వాళ్ళ మొహాలు చూశాక బయటికి పొమ్మనలేకపోయాను. "పాస్టరుగారూ, ఆంటీ ఒక మాట అన్నారు..." అని మొదలుపెట్టాను. ఆయన పాపం నా చెయ్యి పట్టుకుని, "తెలుసు చెల్లెమ్మా, నువ్వంటే ప్రాణం ఆమెకి. నువ్వే ప్రార్థన చెయ్యి," అన్నారు.

చేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, బాగా చేశాను. గొంతు దానంతటదే లేచింది. స్వస్థత అడిగాను, ఆయుష్షు అడిగాను, కన్నీళ్ళతో అడిగాను. అందరూ ఆమెన్, ఆమెన్ అంటుంటే ఇంకా పెంచాను. మధ్యలో ఆంటీ కళ్ళు తెరిచి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే ఈపాటికి నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. కళ్ళు మూసుకున్నారు. నేను ప్రార్థన ఆపలేదు.

రేపు డ్యూటీ దిగగానే వచ్చి, ఎవరినీ రానీయకుండా, పక్కన కూర్చుంటాను అనుకున్నాను. ఆ రేపు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

భూస్థాపన అయిన వారానికి ఆంటీ కూతురు ఫ్లాట్ ఖాళీ చేస్తుంటే సాయం వెళ్ళాను. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషులోనే. ఆరోజెందుకో తెలుగు వెతుక్కుంటూ మాట్లాడింది. సగం కుట్టిన జాకెట్లు సంచిలో పెడుతూ పెడుతూ నేలమీద కూలబడింది.

"అక్కా, నేను ఒక బ్యాడ్ థింగ్ చేశాను. ఎవరికీ చెప్పలేదు."

"ఏంటమ్మా?"

"లాస్ట్ అవర్‌లో మమ్ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నా. ప్రేయర్ చెయ్యాలి కదా? నీలాగ. నాకు తెలుగులో ఒక్క ప్రేయర్ కూడా రాదు. ఇంగ్లీష్‌లో చేస్తే మమ్‌కి నచ్చుతుందో లేదో తెలీలేదు. నిన్ను పిలుద్దామంటే నువ్వు పనిలో ఉన్నావ్. సో, ఏమీ అనలేదు. జస్ట్ కూర్చున్నా. వన్ అవర్. ఒక్క మాట లేకుండా పంపించేశాను అక్కా." వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆంటీ నన్ను అడిగింది అదే. నేను మాటిచ్చి ఇవ్వలేకపోయింది, ఈ పిల్ల తెలియకుండానే ఇచ్చేసింది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను. పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా ప్రార్థించేదాన్ని, గొంతులోంచి ఒక్క ముక్క రాలేదు.

"ఎలా కూర్చున్నావో చూపించు," అన్నాను చివరికి.

తను కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి అందుకుని, కింద తన అరచెయ్యి పెట్టింది. గట్టిగా పట్టుకోలేదు. బరువు మాత్రం మోస్తున్నట్టుంది. "లైక్ దిస్," అంది. ఖాళీ గదిలో నేలమీద అలాగే ఉండిపోయాం. కిటికీలోంచి పడిన ఎండ మా చేతుల మీదికి వచ్చి, దాటి, గోడదాకా పోయింది. ఇద్దరిలో ఎవరమూ ముందు చెయ్యి తీయలేదు.