పండగకి ముందే మామిడికాయ పప్పు

ఉన్న రెండు కళ్లమీదా, ఊడిన పళ్లన్నిటిమీదా ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. గిన్నెడు పప్పుతో ఒక ఆశ్రమాన్ని కొండ దింపెయ్యబోయిన ఘనుణ్ణి నేనే.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో గుమ్మలక్ష్మీపురం పైకొండమీద ఒక స్వామివారు పాకలు వేసి, "మనం పండించిందే తినాలి, మనం వడికిందే కట్టాలి" అన్నారు. జాగా ఊరివాళ్లు దయతలచి ఇచ్చింది. స్వామివారికి లోకంలో ఇంకెక్కడా నిలవనీడ లేదు. నేను వంటవాణ్ణి. సంతలో కొనేది ఉప్పొక్కటే. సముద్రాన్ని కొండెక్కించలేం కదా!

ఓ చైత్రంలో చింతపండు నిండుకుంది. కొనడం మహాపాపం. పెరట్లో చూస్తే మామిడి విరగకాసింది. నా బుర్ర అప్పుడే తుడిచిన లాంతరు చిమ్నీలా వెలిగింది. చోడి, అదే రాగి, విత్తనాలివ్వడానికి వచ్చిన ఊరిపెద్ద సోమన్న తాతని పంక్తిలో కూర్చోబెట్టి, అడక్కుండానే రెండు గరిటెలు వడ్డించాను.

ముద్ద నోట్లో పెట్టి తాత ఆగిపోయాడు. "ఏటిది బాబూ?"

"మామిడికాయ పప్పు తాతా! మన చెట్టువే!"

"ఓర్నాయనో! పండగ అవనేదు కదా! ఏటి సేసినావు!"

ముందు అమ్మవారికి పెట్టి మామిడి పండగ చేస్తేగానీ ఆ కొండమీద ఎవరూ కాయ కొరకరట. ఏడాదిగా అక్కడే ఉన్నా, రాట్నం చప్పుడు తప్ప నా చెవికి ఇంకేదీ ఎక్కలేదు.

"అమ్మోరికి కోపమొచ్చి వాన రాకపోతే నువ్వు తెత్తావా?" అని నన్ను కడిగేసి, తాత స్వామివారివైపు తిరిగాడు. "తప్పు కట్టాల సామీ. ఒక పుంజు, కుండెడు జీలుగుకల్లు. నేదంటే కొండ దిగిపోవాల."

స్వామివారు కల్లు వాసన తగిలినా స్నానం చేసే మనిషి. "మేం ఏదీ కొనం కదా నాయనా," అన్నారు ఆశగా.

"కొనడం దేనికి సామీ? జీలుగుసెట్టు మీ పాకెనకాలే ఉంది. పుంజు మీ పాకమీదే ఉంది."

ఆ పుంజు మా గడియారం. అసలు గడియారం మిల్లుసరుకని, తెల్లవారుజాము ప్రార్థనకి దాన్ని పెంచుతున్నాం. స్వామివారు పుంజుని చూశారు, నన్ను చూశారు. ఇద్దరిలో ఎవర్ని ఇచ్చెయ్యాలో తేలక చాలాసేపు అవస్థపడ్డారు.

చివరికి పుంజే వెళ్లింది. అమ్మవారికి పూజయ్యాక తాత ఆకుడొప్పలో కల్లు పోసి, "పుచ్చుకో సామీ. అప్పుడే కోపం పోయినట్టు," అన్నాడు. స్వామివారు కళ్లకద్దుకుని పక్కన పెట్టేశారు. జాగా నిలిచింది.

"నాకు శిక్షేం లేదా స్వామీ?" అన్నాను.

"శిక్ష కాదు నాయనా, ఉద్యోగం. రేపట్నుంచి పుంజు పని నీదే."

ఆ వేసవంతా చీకటితో పాకెక్కి కూశాను. ఆశ్రమంలో ఎవరూ లేచేవారు కాదుగానీ, పక్కూరి కోళ్లు మర్యాదగా బదులిచ్చేవి.

అందుచేత సమస్త భూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పండగ ఎప్పుడో కనుక్కోకుండా ఇక ఏ కొండమీదా మామిడిచెట్టు నీడనైనా నిలబడను.

కల్పించింది ఒక్కటే, అదీ చెప్పేస్తాను. స్వామివారు ఆ డొప్ప పక్కన పెట్టలేదు. రెండోది అడిగారు.